నీళ్ళ లెక్క

కొత్త బూట్లు మడమ కొరుకుతున్నాయి.
కొరకనీ అంటాడు దండాసి,
ఆటో పక్కకి ఆపి నా నడక చూస్తూ.
"ఇక్కడే కొరికేస్తే గారబంద దాటాక కొరకవు."
కొబ్బరినూనె రాసి, దూది పెట్టి
తెల్లారకముందే మహేంద్రతనయ వంతెన దాకా
పోయి వస్తున్నాను.
నిన్న ఆరు కిలోమీటర్లు, ఇవాళ తొమ్మిది.
నలభై ఏడేళ్ళ మోకాలు
మెట్లు దిగేటప్పుడు మాత్రం నిజం చెబుతోంది.

జిరాక్సు కొట్టు నాదే కాబట్టి
కరపత్రాలకి ఖర్చు లేదు.
ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు.
ఒడియా వైపు మా మేనత్త పేరు
కుర్మామా అని పడింది.
నూరు కాపీలు తీశాక చూశాను.
కూర్మమ్మత్త ఉంటే పళ్ళు కనపడేలా నవ్వును,
"మామని చేసీసేవేటే నన్ను!"
పారెయ్యలేదు. కొట్టులో బేరం లేనప్పుడు
పెన్నుతో ఒక్కోటీ దిద్దుతున్నాను.

కిలోమీటరుకి ఇంత అని రాయించుకుంటున్నాను.
బెల్లం కొట్టు బెహరా రెండు రూపాయలు,
పొదుపు సంఘం ఆడవాళ్ళందరూ కలిపి పదకొండు.
కొమ్ముబొమ్మలు చెక్కే మహారణా
చేతిలో డబ్బులేదని కొంగబొమ్మ ఇచ్చాడు,
ఒంటికాలి మీద నిలబడింది.
"మధ్యలో ఆగిపోతే?" అన్నాడు బ్యాంకు ప్యూను.
ఆగిన చోటికి లెక్క కట్టు అన్నాను.

ఆ దారి నాకు బస్సులోంచి తెలుసు.
వారానికి రెండుసార్లు, మూడేళ్ళు.
నాలుగున్నర గంటల బస్సు,
బరంపురం పెద్దాసుపత్రిలో నాలుగు గంటల మిషను,
మళ్ళీ బస్సు.
అత్త కిటికీ పక్కన, నేను సంచీ పక్కన.
టిక్కెట్లన్నీ హార్లిక్సు సీసాలో దాచింది,
ఎప్పుడో ఎవరో అడుగుతారన్నట్టు.
మొన్న నేల మీద పోసి లెక్కపెట్టాను.
ఐదొందల దాకా వచ్చి తప్పాను.
మళ్ళీ మొదలుపెట్టలేదు.

డాక్టరు చీటీ రాసిచ్చాడు:
రెండు జతల మేజోళ్ళు, ఉప్పు పంచదార పొట్లాలు,
గంటకో గ్లాసు నీళ్ళు,
దాహం వెయ్యకముందే తాగాలి.

దాహం వెయ్యకముందే.

అత్తకి రోజుకి రెండు గ్లాసులు.
మాత్రలకి పోగా మిగిలింది చెంబులో పోసుకుని
వేసవి సాయంత్రాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.
తాగేది కాదు.
చల్లదనాన్ని అరచేతులతో పట్టుకునేది.
ఒకసారి సోంపేట బస్టాండులో
నేను సోడా తాగుతుంటే
నా గొంతు కదలడం చూస్తూ
"బాగుందా?" అంది.
ఏం చెప్పాలో తెలీక
మిగతా సగం నేల మీద పోసేశాను.
అప్పుడు తిట్టింది, జన్మలో తిట్టనట్టు.
"అలగ ఒలకబోసీడమేటే గుంటా!
తాగలేనిదాన్ని నాను. నీకేటొచ్చింది?"

ఇప్పుడు సెరంగో కొండల నుంచి ఎస్తేరు రయితా
తమ్ముణ్ణి తీసుకుని అదే బస్సు ఎక్కుతోంది.
ముందు ఒక మేక అమ్మిందట. తరవాత రెండోది.
మూడోది చూలుతో ఉంది, అంది,
అక్కడితో ఆపేసి చీర కొంగు సర్దుకుంది.
మా నడక డబ్బు వాళ్ళ టిక్కెట్లకి,
తోడెళ్ళినవాళ్ళకి ఒక పూట అన్నానికి.
తోడెళ్ళినవాళ్ళ ఆకలి ఏ చీటీలోనూ రాయరు.
నాకు తెలుసు. ఆసుపత్రి గేటు ముందు
ఇడ్లీ వాసన ఎంత దూరం వస్తుందో
అడుగులతో సహా చెప్పగలను.

వచ్చే సోమవారం బయలుదేరడం.
ఐదు రోజులు. ముగ్గురం, దండాసి ఆటో వెనకాల.
సంచీ మూడుసార్లు సర్దాను.
అత్త చెంబు పెట్టాను, తీశాను, బరువు.
మళ్ళీ పెట్టాను.

పొద్దున వంతెన మీద గంట కాగానే
దాహం లేకుండానే గ్లాసెడు తాగాను.
మందులా దిగింది.
కింద ఏరు ఇసుక మధ్య సన్నగా పోతోంది,
దానికీ ఎవరో కొలత రాసిచ్చినట్టు.
మూత గట్టిగా బిగించాను.
ఒక్క చుక్క ఒలకలేదు.

రేపు పన్నెండు.